బూట్ల మీది మట్టి

ఆ రాత్రి కొండ కదిలింది.
చంపాయ్ దారిలో ఇరుక్కున్న లారీని తోయాలని
ఎవరో పిలిస్తే, అన్నం పళ్లెం అలాగే వదిలి
చెప్పులేసుకుని పరుగెత్తాడు తాంగ్‌ఖుమా.
అల్లం చేలోంచి వచ్చి విడిచిన బూట్లు
గుమ్మం దగ్గర ఇంకా తడిగానే ఉన్నాయి.
మూడో రోజు దొరికాడు.

మా మిజో ఊళ్లో చావింటికి తలుపుండదు.
అంటే, ఉంటుంది. ఎవరూ వెయ్యరు.
కుర్రాళ్లు వంతులేసుకుని గొయ్యి తవ్వారు,
ఆడపిల్లలు కట్టెలు మోశారు, నీళ్లు మోశారు.
రాత్రంతా డోలు మీద మెల్లగా దెబ్బ,
అంతకంటే మెల్లగా పాట.
పాట రానివాళ్లు బెల్లం ముక్క కొరుక్కుని
టీ తాగుతూ కూర్చున్నారు.
అదీ లెక్కే.

నేను మాత్రం మాటలు పట్టుకెళ్లాను.
ఇరవై రెండేళ్లుగా సండే స్కూలు చెబుతున్నదాన్ని,
నాకు మాటలకేం కొదవ?
"దేవుడి తోటకి మంచి పువ్వు కావాల్సొచ్చింది రోకిమీ" అన్నాను.
రోకిమీ నా వంక చూసింది.
"ఆయనకి పూలు తక్కువా?" అంది.

అంతే.
నా దగ్గరున్న తక్కిన మాటలన్నీ
పచ్చికట్టెల్లా పొగే గాని మంట లేక మిగిలాయి.

నోరు పనికిరాకపోతే చేతులైనా పనికొస్తాయని
మర్నాడు గుమ్మంలో చతికిలబడి
ఒక తడిగుడ్డా, ఆ బూట్లూ అందుకున్నాను.
ఎడమ మడమ దగ్గర రెండు వేళ్ల మేర తుడిచానో లేదో
లోపల్నించి కేక.
శవాన్ని దించినప్పుడు కూడా అంత కేక పెట్టలేదు తను.
"అది వాడు నడిచిన మట్టి! ముట్టుకోకు!"

నా చేతిలో గుడ్డ. గుడ్డ మీద
ఎర్రగా, ఒక బిడ్డ ఆఖరి నడకలో కొంత.
ఉతకనూ లేను, తిరిగి అంటించనూ లేను.

ఇంటికొచ్చి ప్రభువు మీద అలిగాను.
ఆదరించమని పంపావే, చేతుల్లో ఏం పెట్టి పంపావు?
జవాబు లేదు. రేకుల మీద వాన.
ఆ వానలో, పిల్లలకి వందసార్లు చెప్పిన సంగతే
ఎవరో నాకు చెబుతున్నట్టు గుర్తొచ్చింది.
స్నేహితుడి సమాధి దగ్గరికి ఆయన ఆలస్యంగా వెళ్లాడు.
కాసేపట్లో రాయి తొలగుతుందని తెలుసు,
చనిపోయినవాడు నడిచొస్తాడని తెలుసు,
అయినా ముందు ఏడ్చాడు.
అన్నీ తెలిసినవాడే ఏడిస్తే
ఏమీ తెలియని నాకెందుకు
పూల లెక్క చెప్పే తొందర?
తాంగ్‌ఖుమా లేస్తాడు. నేను నమ్ముతాను.
ఆ నమ్మకాన్ని నిన్న
తల్లి నోటికి మూతలా వాడాను.

గుడ్డని ఉతక్కుండా మడిచి
తీసుకెళ్లి తన ఒళ్లో పెట్టాను.
"తప్పయింది" అన్నాను. ఇంకేమీ అనలేదు.
వాసన చూసింది. అల్లం.
అప్పుడేడ్చింది. నేనూ ఏడ్చాను.
నాకు అందంగా ఏడవడం రాదు, ముక్కు కారుతుంది,
పొయ్యి పక్కన పడుకున్న కుక్క లేచి నన్నే చూసింది.

డోలు చర్చికి తిరిగి వెళ్లిపోయింది.
కుర్రాళ్లు ఎవరిళ్లలో వాళ్లు పడుకుంటున్నారు.
ఊరు మళ్లీ అల్లం ధర మాట్లాడుకుంటోంది.
నేను సాయంత్రాలు వెళ్తాను. ఇద్దరం ఆవకూర తుంచుతాం.
ఒక్కోరోజు ఒక్క మాటా ఉండదు.
ఒక్కోరోజు దేవుణ్ణి తిడుతుంది,
నేను ఆయన తరఫున వాదించను.
మోయగలడు. అంతకంటే బరువైనదే మోశాడు.

చలి మొదలైంది. నిన్న ఆ బూట్ల మట్టి
దానంతటదే ఎండి, పెచ్చులుగా గుమ్మంలో రాలింది.
రోకిమీ చీపురు తెచ్చి, చాలాసేపు నిలబడి,
చివరికి నా చేతికిచ్చింది.
నేను ఊడవలేదు.
గోడకి ఆనించి పెట్టాను.
గంట మోగింది. పాదం పడకుండా, పక్కనుంచి,
ఒకరి భుజం ఒకరం పట్టుకుని
ప్రార్థనకి దిగి వెళ్లాం.